మన్ను పోసి మార్చుకున్న మిట్ట

మాది పుత్తూరు అంటే చాలు, బస్సులో పక్క సీటువాళ్ళు ఏ ఎముక విరిగిందని అడుగుతారు. కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు తప్ప ఆ ఊళ్ళో వేరే మనుషులే ఉండరన్నట్టు. నేను మాత్రం ఏ ఎముకా విరగ్గొట్టుకోకుండానే అక్కడ ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాను. మా మేనత్త దేవకమ్మ చివరి కాలం నా ఇంట్లోనే గడిచింది. ఆమెను తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది.

అత్తను ఇచ్చింది దాసరిగుట్టపల్లెకు. పుత్తూరు నుంచి బస్సులో వెళ్ళి, రోడ్డు మీద దిగి, గుట్ట వైపు మట్టిదారిలో నడవాలి. మామ పేరు గోవిందయ్య. మాట తక్కువ మనిషి. ఆ తక్కువంతా అత్త భర్తీ చేసేది. పిల్లలు కలగలేదు. కలగలేదని అత్త ఏ గుడికీ మొక్కుకోగా నేను చూడలేదు. ఆమె మొక్కులన్నీ మిట్టచేనుకే.

ఆ మిట్టచేను కథ ముందు చెప్పాలి. మామ వాళ్ళ నాయనకు ఊరి కింద, వాగు వంక పక్కన, చదునైన కయ్య, అంటే మాగాణి మడి, ఒకటి ఉండేది. దాని గెనిమ, అంటే గట్టు, దాటితే అదే ఊరి మునస్వామి వాళ్ళ నాయన బావి. ఆ బావి నీళ్ళు పారాలంటే ఆ కయ్య ఆయన చేతిలో ఉంటే బాగుంటుంది. ఆయనకేమో గుట్టవాలులో, మామ వాళ్ళ ఇంటి వెనకే, రాళ్ళమిట్ట ఉంది. కయ్యకంటే విస్తీర్ణం ఎక్కువ, పంట తక్కువ. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని మార్చుకున్నారు. మా వైపు అప్పట్లో మార్పిడి అంటే రిజిస్టరాఫీసు కాదు. ఇతని చేనులో గంపెడు మన్ను తవ్వి అతని చేనులో పోస్తాడు, అతని చేను మన్ను ఇతను తెచ్చి పోసుకుంటాడు, ఊరివాళ్ళకు ఆకూ వక్కా పంచుతారు. అయిపోయింది. కాగితం రాసుకుందామని ఎవరైనా అంటే, ఏమబ్బా, నన్ను నమ్మలేదా అని అవతలివాడు లేచి వెళ్ళిపోతాడు. కాగితం అడగడం అంత నామోషీ. అలా పట్టాలు పాత పేర్లతోనే ఉండిపోయాయి. చేన్లు మాత్రం చేతులు మారాయి. ఊళ్ళో ఈ సంగతి తెలియని పసిబిడ్డ కూడా లేడు.

అత్త కాపురానికి వచ్చేసరికి ఆ మిట్టలో మడక దిగితే నాగలి కర్రు వంగేదట. ఆమె ఏటా ఎండాకాలం రాళ్ళు ఏరేది. ఊరికే ఏరడం కాదు, వాటిని గెనిమ మీద పేర్చేది. నా చిన్నప్పుడు సెలవులకు వెళితే నాకూ ఒక గంప చేతికిచ్చి, "మీ నాయనింట్లో తిని కూసోను అలవాటైంటాది, ఈడ అది కుదరదే" అనేది. ఆ మిట్టలోనే చెనిక్కాయలు, అదే వేరుశనగ, అందులో అంతరపంటగా కందులు, అలసందలు. వాన పడిన ఏడు ఆమె మాటలకు అడ్డూ ఆపూ ఉండేది కాదు. పడని ఏడు చేనుకేసి చూసి తిట్టేది, బిడ్డను తిట్టినట్టు.

మామ పోయిన తర్వాత కూడా ఆమె చేను వదల్లేదు. మడక పట్టడానికి మనిషిని పెట్టుకుని, మిగతా పనంతా తానే చేసుకునేది.

ఎనభై రెండో సంవత్సరంలో, వరసగా వానలు ఎగ్గొట్టిన కాలంలో, ఊళ్ళోకి జీపు వచ్చింది. కట్టలాఫీసువాళ్ళని జనం పిలిచేవాళ్ళు. నేలను కాపాడే పథకమట. గుట్టవాలుల్లో ఉన్న మెట్టభూములు దున్ని దున్ని, వానొస్తే మన్నంతా కొట్టుకుపోయి చెరువు పూడిపోతోందట. కాబట్టి వాలుభూములను మూడేళ్ళు దున్నకుండా వదిలి, అడ్డకట్టలు వేసి, తైలంచెట్లు, అంటే నీలగిరి చెట్లు, పెంచితే, పట్టాదారుకు సర్కారు ఏటా ఎకరానికి ఇంత అని సబ్సిడీ ఇస్తుంది. గుంతలూ కట్టలూ వేసే పని ఊరి కూలీలకు ఇస్తారు. కూలిలో కొంత డబ్బు, కొంత బియ్యం. వాన పడి ఎన్నాళ్ళో అయిన ఊళ్ళో బియ్యం అనే మాట విన్నాక మిగతా మాటలు ఎవరికి వినిపిస్తాయి?

షరతులు రెండు. పని పై నుంచి కిందికి జరగాలి. పై మిట్ట చేరకపోతే కింద వేసిన కట్టలు ఒక్క వానకు తెగిపోతాయి, అందుకని పై మిట్ట లేకపోతే ఆ ఊరికి పథకమే లేదు. రెండోది, పట్టాదారే సొంతంగా సాగులో ఉండాలి. భూమి ఒకరిదీ సాగు ఒకరిదీ అయితే తకరారు భూమి కింద లెక్క, పథకంలో చేర్చరు. ఆ పై మిట్ట మా అత్తది. దాని పట్టా మునస్వామి నాయనది, ఆయన పోయాక మునస్వామిది.

మునస్వామి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినదాన్నవుతాను. బావి ఎండిపోయి, చెరుకు నిలువునా మాడిపోయి, ఆయన కూడా మా అత్తలాగే ఆకాశం వైపు చూస్తున్నాడు. ఒక సాయంత్రం వచ్చి అత్త ఇంటి తిన్నె మీద కూర్చున్నాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"వదినా, మూడేళ్ళే. మూడేళ్ళు పోతే నీ చేను నీకే. నేనేమన్నా ఎత్తుకొని పోతానా?" అన్నాడు.

"నా చేనుకు నీకు దుడ్డిస్తారా అబ్బా?" అంది అత్త.

"కాగితం నా పేరుతో ఉండాది గదా. వాళ్ళు సూసేది దాన్నే. వచ్చిందాంట్లో నీకు సగం, నాకు సగం."

అత్త చేటలోని కందుల్లో రాళ్ళు ఏరి పక్కన పెట్టింది. "సరే. చెట్లు పెట్టుకోండి. ఊరికి పని దొరుకుతుందంటే నేనెట్ల వొద్దనేది. దుడ్డు మాత్రం నాకొద్దు" అంది.

నాకు ఒళ్ళు మండింది. మునస్వామి వెళ్ళగానే పట్టుకున్నాను. "చేనూ ఇచ్చి దుడ్డూ వొద్దంటే ఏం తింటావు? వొద్దంటే వొద్దులే, కింద కయ్య మనకిచ్చేయమను. దాని కాగితం మామోళ్ళ నాయన పేరుతోనే ఉండాది" అన్నాను.

"మన్ను పోసినాక కయ్య అడిగేదేందే చంద్రా? పోయినోళ్ళు ఇచ్చిన మాటను నేను దుడ్డుకాశపడి తీసేసేదా?"

"అయితే సగమన్నా తీసుకో."

"చేన్లో సగం తీసుకొనేదెవరు? వారానికి దున్నేవాళ్ళు, ఇంకొకరి చేన్లో పాలుకు చేసేవాళ్ళు. ఈ పొద్దు సగం తీసుకుంటే రేపు ఊళ్ళో ఏమంటారు? దేవకమ్మ ఇన్నాళ్ళూ మునస్వామి చేన్లో వారానికుండింది అంటారు. ఆ చేను నాది. నా చేన్లో నాకు ఇంకొకరు సగం ఇచ్చేదేంది?"

ఇదీ ఆమె తర్కం. కాగితం చూసి కయ్య అడగదు, ఎందుకంటే మన్ను పోశారు. డబ్బు తీసుకోదు, ఎందుకంటే మన్ను పోశారు. ఆ గంపెడు మన్నుకు ఆమె ఒక్కతే కట్టుబడి ఉంటే సరిపోతుందా, అవతలివాళ్ళ కొడుకులూ మనవళ్ళూ కట్టుబడవద్దా అని నేను అరిచాను. ఆమె నవ్వి, "నీకు టౌను నీళ్ళు పడినాయే" అంది. మొదటి సబ్సిడీ వచ్చినప్పుడు మునస్వామి నిజంగానే తువ్వాలలో మూటకట్టి తెచ్చాడు. ఆమె ఆ మూటను ముట్టుకోకుండా ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపేసింది.

ఆ తర్వాత ఆమె కూలికి పోయింది. ఎక్కడికో కాదు. ఆ మిట్టకే. గుంతలు తవ్వే పనికి. మాకు తెలిసినవాళ్ళు చెబితే నేను నమ్మలేదు, వెళ్ళి చూశాను. తన చేతులతో ఏరి శుభ్రం చేసుకున్న చేనులో, మడక సాగడానికి వీల్లేకుండా, వరసగా గుంతలు తవ్వుతోంది. తాను గెనిమ మీద పేర్చిన రాళ్ళను లాగి అడ్డకట్టకు మోస్తోంది. పక్కన మునెమ్మ గంప అందిస్తోంది. మునెమ్మది అత్త ఇంటికి రెండిళ్ళ అవతల. సెంటు భూమి లేదు, నలుగురు పిల్లలు. అత్త ఇంట్లో చెనిక్కాయలు ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లలు అక్కడే పెరిగారని చెప్పవచ్చు.

"ఇదేం కర్మ అత్తా" అన్నాను.

"పని పనే. బియ్యం బాగుండాయి" అంది. మొహం తిప్పుకుని అంది.

రెండో ఏడు కూడా వాన లేదు. చెట్లకు కుండలతో నీళ్ళు మోసే పని, ఎండినచోట మళ్ళీ నాటే పని. ఊరంతా ఆ పని మీదే బతుకుతోంది. అప్పుడు మునస్వామి దాయాదుల్లో ఎవడో కడుపుమంటతో ఆకాశరామన్న అర్జీ పెట్టాడు. పై మిట్ట సాగుదారు వేరే ఉన్నారు, మునస్వామి సర్కారును మోసం చేస్తున్నాడు అని. పెద్ద ఆఫీసరు విచారణకు వచ్చాడు. తప్పని తేలితే మునస్వామి తీసుకున్నదంతా కట్టాలి, పై మిట్ట తకరారు కింద పోతుంది, ఊరి పని ఆగిపోతుంది. కూలికొచ్చిన ఊరివాళ్ళంతా ఆ రోజు మిట్ట మీదే ఉన్నారు. బియ్యం మూటల ట్రాక్టరు కూడా అప్పుడే వచ్చి ఆగి ఉంది. ఇదంతా మునెమ్మే నాకు తర్వాత చెప్పింది, కళ్ళకు కట్టినట్టు చెప్పింది.

ఆఫీసరు మర్యాదస్తుడే. మునస్వామిని పక్కన నిలబెట్టి, నేరుగా అత్త దగ్గరికి వచ్చాడు. ఎవరో ఆమె పేరు అర్జీలో రాశారు మరి.

"దేవకమ్మ అంటే నువ్వేనా అమ్మా? భయపడకు. ఈ భూమి ఎవరిది? ఎవరు సాగు చేస్తూ వచ్చారు? ఉన్నదున్నట్టు చెప్పు. నీదైతే నీకు అన్యాయం జరగకుండా నేను చూస్తాను."

పారలన్నీ ఆగిపోయాయి. మునస్వామి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అత్త ఆ ఆఫీసరు వైపు చూడలేదట. ట్రాక్టరు వైపు చూసిందట, ఆ తర్వాత మునెమ్మ నడుం మీదున్న చంటిదాని వైపు చూసిందట. సగం డబ్బు ముట్టుకుంటే చేను తనది కాకుండా పోతుందని భయపడిన మనిషి. ఒక్క మాటంటే చేను తనదవుతుంది. అదే మాటకు ఆ ట్రాక్టరు వెనక్కి తిరిగిపోతుంది.

"మునస్వామోళ్ళదే సార్" అంది. "వాళ్ళ నాయన కాలం నుంచి వాళ్ళే చేసుకుంటా ఉండారు."

"మరి నువ్వు?"

"నేను కూలికొచ్చినా."

ఆఫీసరు వెళ్ళిపోయాడు. బియ్యం దించారు. ఆ సాయంత్రం మునస్వామి వచ్చి అత్త కాళ్ళ మీద పడబోతే ఆమె వెనక్కి జరిగి, "ఆ పని చేయొద్దబ్బా. మూడేళ్ళయినాక నా చేన్లో నన్ను మడక కట్టనీ, అది చాలు" అంది. ఆయన పిల్లల మీద ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టు ఆయన మనస్ఫూర్తిగానే పెట్టాడని నా నమ్మకం.

మూడో ఏడు తిరక్కముందే మునస్వామి రొమ్మునొప్పితో పోయాడు.

ఆయన కొడుకు మునికృష్ణ రేణిగుంటలో లారీ ఆఫీసులో పని చేసేవాడు. తండ్రి దినాలకు వచ్చి, పొలాల లెక్కలు చూసుకున్నాడు. పథకాన్ని ఇంకోసారి పొడిగిస్తారని, తైలంచెట్లకు కాగితం మిల్లులవాళ్ళు గిరాకీగా వస్తారని అతనికి తెలిసింది. గడువు తీరాక అత్త వెళ్ళి చెట్లు కొట్టించుకో నాయనా, నేను దున్నుకోవాలి అని అడిగితే, అతను కుర్చీ వేసి కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి మరీ చెప్పాడట, "పెద్దమ్మా, అది మా పట్టా. మాదేనని నువ్వే గదా ఆఫీసరుకు చెప్పినావు" అని.

అత్త ఊళ్ళో పంచాయితీ పెట్టించింది. పాల సొసైటీ వరండాలో కూర్చున్నారు. పెద్దమనిషి కుప్పయ్య. నేను కూడా పుత్తూరు నుంచి పరుగెత్తాను. ఊరంతా సాక్ష్యం ఉంది, ఇంక భయమేమిటనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో చూడండి. మునికృష్ణ అంతకుముందే వారం రోజులుగా ఇల్లిల్లూ తిరిగి ఒక మాట నాటి పెట్టాడు. అప్పుడు ఆఫీసరుకు అబద్ధం చెప్పారని ఇప్పుడు తేలితే, సర్కారు మోసం కింద రాసుకుని, తిన్న బియ్యం మొత్తం ఇంటికింత అని వసూలు చేస్తుందట. అలాంటి రూలు ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. తాకట్టు పెట్టడానికి కమ్మలు కూడా లేని జనానికి అది చాలు.

కుప్పయ్య ఒక్కొక్కరినే అడిగాడు. మాకేం తెలుసు అన్నారు కొందరు. పెద్దోళ్ళ నాటి మాటలు మాకెందుకన్నారు ఇంకొందరు. మునెమ్మ వంతు వచ్చింది.

"నువ్వు పక్కనే ఉన్నావు గదా మునెమ్మా. ఏమనింది దేవకమ్మ?"

మునెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "వాళ్ళదే అనింది. నేనిన్నా" అంది.

నేను ఆగలేకపోయాను. "ఎవరి కోసం అనింది? మీ పిల్లోళ్ళ కడుపు కోసం గదా! తిన్న నోరు కాదా అది?" అని లేచాను. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది మా అత్తే.

కుప్పయ్య ఇబ్బందిగా కదిలాడు. ఆయన ఇంట్లో కూడా ఆ బియ్యం ఉడికాయి. "దేవకమ్మా, వాళ్ళ మాట వొదిలెయ్. నువ్వే చెప్పు. ఆ పొద్దు అన్నది నిజమా అబద్ధమా? అబద్ధమంటే అబద్ధమనే రాసుకుందాం. ఆ తర్వాత జరిగేది జరుగుతుంది" అన్నాడు.

అత్త వరండా కింద కూర్చున్నవాళ్ళను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఒక్కరూ తలెత్తలేదు. నేను ఆమె చెయ్యి గట్టిగా నొక్కాను. అబద్ధమను అత్తా, అను అని నా ప్రాణం కొట్టుకుంటోంది.

"నిజమే" అంది. "చేను వాళ్ళదే."

అంతే, లేచి నడిచింది. నేను వెనకాలే తిట్టుకుంటూ నడిచాను. ఆమెను ఆ రోజే నాతో బస్సెక్కించాను. ఆమె పెట్టెలో రెండు చీరలూ, ఒక కొడవలీ ఉన్నాయి.

నా ఇంట్లో ఆమె రెండేళ్ళు ఉంది. ఊరకే ఉండలేక పక్కవాళ్ళ చెనిక్కాయలు వొలిచిపెట్టేది. మాటలు తగ్గిపోయాయి. వానొచ్చిన రోజు మాత్రం గుమ్మంలో నిలబడి, "ఇది అదును వానే చంద్రా" అనేది. నేను ఒకసారి కోపంతో, "నీ నోటితో నువ్వే పోగొట్టుకున్నావు, ఇప్పుడు అదునెవరికి?" అనేశాను. ఆమె లోపలికి వెళ్ళి పడుకుంది. ఎనభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో పోయింది.

మా వైపు భూమి ఉన్నవాళ్ళను సొంత చేనులోనే పూడుస్తారు. మామను అలాగే మిట్ట మీద, పై గెనిమ పక్కన పూడ్చారు. భూమి లేనివాళ్ళకు వంక పక్కన సర్కారు పోరంబోకే గతి. నేను శవాన్ని టెంపోలో ఊరికి తీసుకెళ్ళాను. మునికృష్ణ ఊళ్ళోనే ఉన్నాడు, మిట్ట మీద చెట్లు కొట్టిస్తున్నాడు. ఊరంతా వచ్చింది. పిలవకుండానే పారలు తెచ్చారు. మునెమ్మ శవం మీద పడి ఏడ్చిన ఏడుపు దొంగ ఏడుపని నేను అనలేను.

కాస్త తేరుకున్నాక ఆమే నా దగ్గరికి వచ్చింది. "అక్కను మీ మామ పక్కన పెడితే బాగుంటాది గదా చంద్రా" అంది మెల్లగా.

"బాగుంటాది. పోయి మునికృష్ణను అడగండి. ఇంతమంది ఉండారు గదా. ఒక్క మాట అడగండి" అన్నాను.

నేను ఎదురుచూశాను. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుప్పయ్య గొంతు సవరించుకుని పొద్దు పోతోంది అన్నాడు. గుట్ట మీద నుంచి గొడ్డలి చప్పుడు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఎవరో పార భుజాన వేసుకుని వంక వైపు కదిలారు, మిగతావాళ్ళు వెనకే వెళ్ళారు.